డీజిల్ ట్రక్కులో ఫ్యూయల్ ప్రెషర్ సెన్సర్ ఎక్కడ పెట్టాలి? తరచుగా అడిగే ప్రశ్నలు

ట్రక్కుకి పవర్ పెంచుకున్నవాళ్లు ఫ్యూయల్ ప్రెషర్ గేజ్ కొనేదాకా బాగానే ఉంటారు. సెన్సర్ ఎక్కడ బిగించాలి అన్న దగ్గరికొచ్చేసరికి తడబడతారు, లేదా చెయ్యి సులువుగా పోయే చోట బిగించేసి ఊరుకుంటారు. గేజ్ అబద్ధం చెప్పదు. కాకపోతే తనని పెట్టిన చోట ఉన్న నిజమే చెబుతుంది. చాలామందికి తల్లకిందులయ్యేది అక్కడే. అడిగినవాళ్లందరికీ విడివిడిగా చెప్పే ఓపిక అయిపోయి ఇవన్నీ ఒకచోట చేర్చాను. మీ సందేహం ఏదో దాని దగ్గరికే నేరుగా వెళ్లండి.

## కొనే ముందు

కంపెనీ ట్రక్కులో లేని గేజ్ ట్యూన్ చేసిన ట్రక్కుకి ఎందుకు?

కంపెనీవాళ్లు ఇచ్చిన లిఫ్ట్ పంపు (ట్యాంకు నుంచి డీజిల్‌ని ఇంజిన్ వైపు తోసేది), ఫిల్టర్, పైపుల సైజు అన్నీ వాళ్లు ఇచ్చిన పవర్‌కి సరిపడా లెక్కేసినవి. మీరు ట్యూన్ మార్చారు, పెద్ద ఇంజెక్టర్లు వేశారు. ఫుల్ లోడ్‌లో ఇంజిన్ అడిగే డీజిల్ పెరిగింది, తెచ్చిపెట్టే దారి మాత్రం పాతదే. డీజిల్ ఒత్తిడిని పెంచి ఇంజెక్టర్లకి పంపే ఇంజెక్షన్ పంపుకి డీజిల్ ఒక్క ఇంధనమే కాదు, దాని లోపలి భాగాలకి నూనె కూడా అదే, చల్లదనం కూడా అదే. డీజిల్ చాలకపోయినా, గాలి కలిసి వచ్చినా పంపు ఎండిపోయినట్టే పనిచేస్తుంది. సీపీ4 లాంటి హై ప్రెషర్ ఇంజెక్షన్ పంపుల్లో ఇది మరీ ప్రమాదం. లోపలి రోలర్ ట్యాపెట్ పక్కకి తిరిగి క్యామ్‌ని గీకితే ఆ లోహపు పొడి రైల్‌లోకీ (ఇంజెక్టర్లన్నిటికీ హై ప్రెషర్ డీజిల్ పంచే గొట్టం) ఇంజెక్టర్లలోకీ పాకుతుంది, మొత్తం ఫ్యూయల్ సిస్టమ్ విప్పాల్సి వస్తుంది. ఇంత జరిగే ముందు డ్రైవర్ సీట్లో తెలిసే సూచన చాలాసార్లు ఏమీ ఉండదు.

ఓబీడీలో (బండి కంప్యూటర్ అంకెలు చదివే పోర్టు) రైల్ ప్రెషర్ కనిపిస్తూనే ఉంది కదా, ఇంకో సెన్సర్ దేనికి?

ఆ రెండూ వేర్వేరు లోకాలు. కామన్ రైల్‌లో ఫుల్ లోడ్ మీద ప్రెషర్ 1600 నుంచి 2000 బార్ దాకా, కొన్ని ఇంజిన్లలో ఇంకా పైకి పోతుంది. ట్యాంకు నుంచి ఇంజెక్షన్ పంపు దాకా వచ్చే లైన్‌లో ఉండేది ఒకటి నుంచి నాలుగైదు బార్లే. ఇన్లెట్‌లో ప్రెషర్ తగ్గుతున్నప్పుడు ఈసీయూ (ఇంజిన్ కంప్యూటర్) పంపులోకి డీజిల్ వదిలే మీటరింగ్ వాల్వ్‌ని ఇంకొంచెం తెరిచి రైల్ ప్రెషర్‌ని నిలబెడుతూ పోతుంది. అంటే రైల్ అంకె చక్కగా కనిపిస్తున్నంతసేపూ పంపు ఆకలితో ఉండవచ్చు. రైల్ ప్రెషర్ కోరిన అంకె కంటే పడిపోయిందంటే అది ఆలస్యంగా వచ్చిన వార్త. ముందుగా చెప్పేది ఇన్లెట్ సెన్సర్ ఒక్కటే.

ఎంత రేంజి సెన్సర్ కొనాలి?

మీ లైన్‌లో మామూలుగా ఉండే ప్రెషర్ స్కేలు మధ్యకి దగ్గరగా పడాలి. సెన్సర్ల తప్పుని పూర్తి స్కేలులో శాతంగా చెబుతారు. ఒక శాతం తప్పు ఉన్న 300 పీఎస్ఐ (ఒక బార్ అంటే సుమారు 14.5 పీఎస్ఐ) సెన్సర్ ఎటైనా 3 పీఎస్ఐ తేడా చూపించవచ్చు. లైన్‌లో ఉండేదే 12 పీఎస్ఐ అయితే ఆ రీడింగ్‌కి విలువేముంది? పది, పదిహేను పీఎస్ఐ మీద నడిచే లిఫ్ట్ పంపుకి 0–30 సెన్సర్, 50–70 మీద నడిచే వాటికి 0–100 సెన్సర్ సరిపోతాయి. లైన్‌లో క్షణకాలం ఎగిరే దెబ్బలని తట్టుకోవాలి కాబట్టి, స్కేలుకి కనీసం రెట్టింపు ప్రెషర్‌ని పాడవకుండా ఓర్చుకునే సెన్సరే తీసుకోండి.

మా ఇంజిన్‌కి లిఫ్ట్ పంపే లేదు. సెన్సర్ పెడితే సున్నా చూపిస్తోంది. పాడైందా?

పాడవలేదు, అది చూపించాల్సింది అదే. 2001 నుంచి 2010 దాకా వచ్చిన జీఎం డ్యూరామాక్స్ ఇంజిన్లలో కంపెనీ లిఫ్ట్ పంపు లేదు, సీపీ3 అనే ఇంజెక్షన్ పంపే ట్యాంకు నుంచి డీజిల్‌ని పీల్చుకుంటుంది. అంటే ఆ లైన్‌లో ఉండేది ప్రెషర్ కాదు, వ్యాక్యూమ్. మామూలు గేజ్ సెన్సర్ సున్నా కిందికి చదవలేదు. వ్యాక్యూమ్ కూడా చూపించే కాంపౌండ్ సెన్సర్ గానీ, పూర్తి శూన్యం నుంచి కొలిచే ఆబ్సల్యూట్ సెన్సర్ గానీ కావాలి. ఆబ్సల్యూట్ రకం ఇంజిన్ ఆపి ఉన్నప్పుడు సముద్రమట్టం దగ్గర 14.7 పీఎస్ఐ చుట్టూ చూపిస్తుంది, ఫిల్టర్ మూసుకుపోయేకొద్దీ అక్కడి నుంచి కిందికి జారుతుంది. ఇలాంటి లైన్‌లో ఇంకో చిక్కుంది. ఫిట్టింగ్ వదులైతే డీజిల్ బయటికి కారదు, గాలి లోపలికి పోతుంది. కింద తడి లేదు కదా అని ధైర్యపడకండి.

మెకానికల్ గేజ్ మంచిదా, ఎలక్ట్రికలా?

క్యాబిన్‌లోకి డీజిల్ పైపు తేవడం నాకు నచ్చదు. ఎలక్ట్రికల్‌దే పెట్టండి.

## చోటు ఎంచుకోవడం

ఒక్క సెన్సరే పెట్టగలను. సరైన చోటు ఏది?

చివరి ఫిల్టర్ దాటాక, ఇంజెక్షన్ పంపు ఇన్లెట్‌కి ముందు, ఆ ఇన్లెట్‌కి వీలైనంత దగ్గరలో. ట్యాంకు నుంచి బయల్దేరిన డీజిల్ ప్రతి పైపు దగ్గరా, ప్రతి వంపు దగ్గరా, వాటర్ సెపరేటర్ దగ్గరా, ఫిల్టర్ దగ్గరా కొంత ప్రెషర్ పోగొట్టుకుంటూ వస్తుంది. ప్రవాహం పెరిగేకొద్దీ ఈ నష్టం ఇంకా జోరుగా పెరుగుతుంది. అందుకే ఖాళీ బండిలో కనిపించని లోపం లోడ్‌తో ఎత్తు ఎక్కేటప్పుడు బయటపడుతుంది. పంపుకి దక్కేది చివరికి మిగిలినదే, కొలవాల్సిందీ దాన్నే.

ఫిల్టర్ ముందు పెడితే సులువు. ఏం నష్టం?

నేను చేసిన తప్పే ఇది. మొదటిసారి ఫిల్టర్ హౌసింగ్‌కి వచ్చే పైపులో టీ (మూడు దారుల ఫిట్టింగ్) వేసి సెన్సర్ పెట్టాను, పానా సులువుగా పట్టింది కాబట్టి. కొన్ని నెలల పాటు ముల్లు బ్రహ్మాండంగా నిలబడింది. పైపెచ్చు రోజురోజుకీ కొంచెం పైకే వెళ్తుంటే కొత్త లిఫ్ట్ పంపు భలే పనిచేస్తోందని మురిసిపోయాను. అసలు సంగతి, ఫిల్టర్ మూసుకుపోతోంది. ముందున్న దారి మూసుకుంటే వెనక ప్రెషర్ పెరుగుతుంది, అవతల పంపుకి మాత్రం అందదు. ఫిల్టర్ విప్పి చూస్తే నల్లగా ముద్దకట్టి ఉంది. పంపు బతికి బయటపడటం నా అదృష్టం. ఫిల్టర్ ముందు పెట్టిన సెన్సర్ పరిస్థితి ఎంత చెడితే అంత మంచి వార్త చెబుతుంది.

ఫిల్టర్‌కి అటూ ఇటూ రెండు సెన్సర్లు పెట్టడం డబ్బు దండగ కాదా?

తరచుగా బరువు లాగే బండికైతే దండగ కాదు. రెండింటి మధ్య తేడాయే ఫిల్టర్ ఆరోగ్యం. కొత్త ఫిల్టర్ వేసిన రోజున, ఒకే రోడ్డు మీద, ఫుల్ లోడ్‌లో ఆ తేడా ఎంతో రాసిపెట్టుకోండి. అది రెట్టింపైతే కిలోమీటర్ల లెక్క చూడకుండా ఫిల్టర్ మార్చేయండి. సెన్సర్లు రెండూ ఒకే రకం, ఒకే రేంజి అయి ఉండాలి. బిగించే ముందు రెండింటినీ ఒకే చోట పెట్టి ఒకే అంకె చూపిస్తున్నాయో లేదో సరిచూడండి. సెన్సర్ల మధ్యే 2 పీఎస్ఐ తేడా ఉంటే దాన్ని ఫిల్టర్ ఖాతాలో వేసేస్తారు.

లిఫ్ట్ పంపు దగ్గరే చాసిస్ మీద పెట్టొచ్చా?

పెడితే లిఫ్ట్ పంపు శక్తి ఎంతో తెలుస్తుంది, ఇంజిన్‌కి ఎంత అందుతోందో తెలియదు. ప్రెషర్ రెగ్యులేటర్ కలిసి ఉన్న ఎలక్ట్రిక్ పంపైతే ఆ చోట స్లోలోనూ ఫుల్ రేస్‌లోనూ ఇంచుమించు ఒకే అంకె కనిపిస్తుంది, చూడ్డానికి ఎంతో నిశ్చింతగా ఉంటుంది. పైగా బురద, నీళ్లు, రాళ్ల దెబ్బలు కనెక్టర్‌కి.

రిటర్న్ లైన్‌లో పెడితే కుదరదా?

మామూలుగా కుదరదు. పంపు వాడుకుని వదిలేసిన డీజిల్ ట్యాంకుకి వెళ్లే దారి అది, అక్కడ కనిపించేది వెనక్కి తన్నే ఒత్తిడి మాత్రమే. ఫోర్డ్ పవర్ స్ట్రోక్ 7.3, 6.0 లాంటి ఇంజిన్ల తీరు కొంచెం వేరు. వాటిలో ఇంజెక్టర్ లోపలే ఆయిల్ ఒత్తిడితో డీజిల్ ప్రెషర్ పెరుగుతుంది, లిఫ్ట్ పంపు డీజిల్ నేరుగా సిలిండర్ హెడ్‌లలోకి వస్తుంది. అక్కడ కొలవాల్సింది ఇంజెక్టర్లకి అందే ప్రెషర్. కాబట్టి హెడ్‌కి దగ్గరలో, రెగ్యులేటర్‌కి ఇవతల పెట్టాలి. రెగ్యులేటర్ దాటాక పెడితే అక్కడ దాదాపు ఏమీ మిగలదు.

హై ప్రెషర్ రైల్‌కి అదనంగా ఒక సెన్సర్ బిగించుకోవచ్చా?

వద్దు. రైల్‌కి కంపెనీ ఇచ్చిన సెన్సర్ ఉంది, దాని అంకెని ఈసీయూ నుంచే చదవండి. రైల్ మీద మన చేతిపనికి చోటు లేదు. వెయ్యి బార్ల పైన సూదిమొనంత రంధ్రం నుంచి వచ్చే డీజిల్ చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది. మొదట నొప్పి పెద్దగా ఉండదు, పైకి చిన్న గాటులా కనిపిస్తుంది, లోపల కండ పాడవుతూ ఉంటుంది. అలా జరిగితే మందు రాసి ఊరుకోకూడదు, వెంటనే ఆసుపత్రికి వెళ్లి హై ప్రెషర్ డీజిల్ లోపలికి పోయిందని చెప్పాలి. లీకేజీ వెతకడానికి చెయ్యి పెట్టకండి, పొడుగాటి అట్టముక్క వాడండి.

ఇంకో మాట. కొన్ని ట్యూనింగ్ బాక్సులు రైల్ సెన్సర్ సిగ్నల్‌ని మధ్యలో పట్టుకుని తక్కువ చేసి ఈసీయూకి చూపిస్తాయి. ఈసీయూ పాపం ప్రెషర్ తక్కువుందనుకుని పెంచుతుంది. అలాంటి బాక్సు ఉన్న బండిలో ఓబీడీ చూపించే రైల్ అంకె అసలు అంకె కాదు, నిజం దానికంటే ఎక్కువే ఉంటుంది.

సెన్సర్‌ని ఇంజిన్ మీదే బిగించాలా, హోస్‌తో దూరంగానా?

దూరంగా. డీజిల్ ఇంజిన్ వణుకు చిన్నది కాదు. ఇత్తడి టీకి బరువైన సెన్సర్‌ని వేలాడదీస్తే, ప్రతి వణుకుకీ ఆ బరువు ఫిట్టింగ్ మెడ మీద పడి, మర మొదలయ్యే చోట పగులుతుంది. పగిలితే డీజిల్ చిమ్మేది వేడి టర్బో మీదకి కావచ్చు. ఇంజిన్ మీద చిన్న ఫిట్టింగ్ మాత్రం ఉంచి, ఒకటి రెండు అడుగుల డీజిల్ హోస్ తీసి, సెన్సర్‌ని ఫైర్‌వాల్ మీదో ఫెండర్ లోపలి గోడ మీదో క్లాంపుతో బిగించండి.

హోస్ పొడుగుంటే రీడింగ్ తగ్గుతుందేమో అని భయపడతారు. ఆ హోస్‌లో డీజిల్ పారదు, నిలబడి ఉంటుంది, కాబట్టి పొడుగు వల్ల నష్టం లేదు. లెక్కలోకి వచ్చేది ఎత్తు ఒక్కటే. ఒక మీటరు ఎత్తు డీజిల్ దాదాపు 8 కిలోపాస్కల్స్, అంటే సుమారు 1.2 పీఎస్ఐ. అడుగు తేడాకి మీ గేజ్ పట్టించుకోదు. వ్యాక్యూమ్ కొలిచే లైన్‌లో మాత్రం సెన్సర్‌ని పంపు ఇన్లెట్ ఎత్తులోనే పెట్టుకోండి.

## బిగించేటప్పుడు

టీ వేయాలా, రంధ్రం ఉన్న బాంజో బోల్ట్ (డీజిల్ తన లోపలి నుంచే పారే బోలు బోల్ట్) వేయాలా?

ఏదైనా సరే, మెయిన్ దారిని ఇరుకు చేయకూడదు. అర అంగుళం హోస్ మధ్యలో పావు అంగుళం రంధ్రమున్న టీ వేస్తే, కొలవడానికి పెట్టిన వస్తువే ఆటంకమై కూర్చుంటుంది. టీ లోపలి రంధ్రం హోస్ అంత ఉండాలి, సెన్సర్ కొమ్మ మాత్రం సన్నగా ఉన్నా ఫరవాలేదు. బాంజో బోల్ట్ చూడముచ్చటగా ఉంటుంది, జాగా తక్కువ తింటుంది, కానీ దాని అడ్డ రంధ్రాలు ఇరుకు. ఎక్కువ పవర్ ఉన్న బండిలో ఆ బాంజోనే తీసేసి నేరు ఫిట్టింగ్ వేసుకునేవాళ్లున్నారు. మళ్లీ వేసేటప్పుడు రాగి వాషర్లు కొత్తవి వేయండి.

ఫిట్టింగ్ మూడు చుట్లు బాగా ఎక్కి పట్టేసింది. ఇంకా బిగించనా?

ఆగండి. 1/8 ఎన్‌పీటీ (అమెరికా పైపు) మరలో అంగుళానికి 27 చుట్లు, కోణం 60 డిగ్రీలు. 1/8 బీఎస్‌పీటీ (బ్రిటిష్ పైపు) మరలో 28 చుట్లు, 55 డిగ్రీలు. రెండూ అన్నదమ్ముల్లా ఉంటాయి, మొదట ఒకదాంట్లో ఒకటి ఎక్కుతాయి కూడా. బలవంతం చేస్తే ఇత్తడి చీలుతుంది. చీలకపోయినా సన్నగా చెమరుస్తూనే ఉంటుంది. విప్పి రెండింటి మరా పక్కపక్కన పెట్టి చూసుకోండి.

టెఫ్లాన్ టేప్ చుట్టొచ్చా?

ఇంజెక్షన్ పంపుకి ముందు చుట్టకండి. ఫిల్టర్ దాటాక ఊడిన టేపు పీలికని ఆపేది ఇంకేదీ లేదు, ఇంజెక్టర్ లోపలి సందులు కొద్ది మైక్రాన్లే. డీజిల్‌కి తట్టుకునే లిక్విడ్ సీలెంట్ వాడండి, అదీ మొదటి చుట్టు వదిలేసి రాయండి.

స్నబ్బర్ (సెన్సర్ ముందు పెట్టి ప్రెషర్ దెబ్బలని మెత్తబరిచే సన్నదారి ఫిట్టింగ్) తప్పనిసరా?

ఇంజిన్ తిప్పే పిస్టన్ రకం లిఫ్ట్ పంపు ఉన్నా, వీపీ44 లాంటి రోటరీ ఇంజెక్షన్ పంపు ముందు పెడుతున్నా తప్పనిసరి అనే అంటాను. అక్కడ ప్రెషర్ నున్నగా ఉండదు, సుత్తితో కొట్టినట్టు కొట్టుకుంటూ ఉంటుంది. సెన్సర్లు నెలల్లో పోయాయని వాపోయే బళ్లలో స్నబ్బర్ ఉండదు. నీడిల్ వాల్వ్‌ని కొద్దిగా తెరిచి ఉంచినా ఆ పని జరుగుతుంది. మరీ మూసేస్తే గేజ్ బద్ధకిస్తుంది, క్షణంలో పడి లేచే ప్రెషర్ మీ కంట పడదు.

సీల్, ఫిట్టింగ్ ఏ రకం తీసుకోవాలి?

వైటాన్ (ఇంధనాన్ని తట్టుకునే రబ్బరు) సీల్ ఉన్న స్టెయిన్‌లెస్ సెన్సర్. బయోడీజిల్ కలిసిన ఇంధనంలో మామూలు రబ్బరు ఉబ్బి మెత్తబడుతుంది. జింకు పూత ఉన్న ఫిట్టింగులు డీజిల్ లైన్‌లో వద్దు.

బిగించాక స్టార్ట్ కావట్లేదు. ఏం చేశాను?

గాలి పట్టింది. ఎలక్ట్రిక్ లిఫ్ట్ పంపు ఉంటే కీ ఆన్ చేసి కాసేపు తిరగనివ్వండి, లేకపోతే చేతి ప్రైమర్ కొట్టండి. స్టార్టర్‌ని ఆపకుండా తిప్పితే పంపు ఎండగా తిరుగుతుంది, బ్యాటరీ కూడా దిగిపోతుంది.

## వైరింగ్

సెన్సర్‌ని డేటా లాగర్‌కి (రీడింగులు రికార్డు చేసే పరికరం) కలిపాను. వోల్టేజీ కనిపిస్తోంది, ప్రెషర్ ఎలా లెక్కించాలి?

మూడు వైర్ల సెన్సర్లు ఎక్కువగా 5 వోల్టుల మీద నడుస్తూ, సున్నా ప్రెషర్‌కి 0.5 వోల్టు, పూర్తి స్కేలుకి 4.5 వోల్టులు ఇస్తాయి. వచ్చిన వోల్టేజీలోంచి 0.5 తీసేసి, 4తో భాగించి, పూర్తి స్కేలుతో గుణించండి. 0–100 సెన్సర్ 1.1 వోల్టు ఇస్తుంటే అది 15 పీఎస్ఐ. ఇంజిన్ ఆపినప్పుడు కూడా 0.5కి బదులు సున్నా వోల్టు వస్తుంటే అది ప్రెషర్ లేకపోవడం కాదు, వైర్ తెగడం. ఇలాంటి సెన్సర్ల అవుట్‌పుట్ సప్లయ్‌తో పాటే మారుతుంది, కాబట్టి 5 వోల్టులు నిజంగా 5 ఉన్నాయో లేదో మీటరు పెట్టి చూడండి.

ఎర్త్ దగ్గర్లో బాడీకి ఇచ్చేయొచ్చా?

మూడు వైర్లదైతే ఇవ్వొద్దు. గేజ్ నుంచో లాగర్ నుంచో వచ్చిన ఎర్త్ వైరుకే కలపండి, లేకపోతే స్టార్టర్, ఆల్టర్నేటర్ కరెంటు రీడింగ్‌లో దూరుతుంది. ఒకే వైరుండే పాత రకం సెండర్‌కి మాత్రం బాడీయే ఎర్త్. దాన్ని రబ్బరు హోస్ చివర పెడితే ఎర్త్ తెగిపోతుంది, విడిగా ఒక వైరు వేయాలి. సిగ్నల్ వైరుని ఇంజెక్టర్ వైర్ల కట్టతో కలిపి కట్టకండి.

## రీడింగ్ చదవడం

అసలు ఎంత ఉంటే మంచిది?

ఇంజిన్‌ని బట్టి. వీపీ44 ఉన్న 1998–2002 కమిన్స్ ఇంజిన్ బళ్లలో స్లోలో 10 పీఎస్ఐ పైన, ఎంత లోడ్‌లోనైనా 5కి తగ్గకుండా చూసుకోవడం వాటి యజమానుల వాడుక. ఆ పంపు లోపలి భాగాలు డీజిల్‌తోనే చల్లబడాలి మరి. పవర్ స్ట్రోక్ 6.0లో 45 కంటే పడనివ్వకూడదు, ఇంజెక్టర్లు పోతాయి. 7.3లో 50–70 మధ్య ఉంటుంది. సీపీ3కి లిఫ్ట్ పంపు పెట్టినప్పుడు నేను చూసేది ఒక్కటే: ఫుల్ లోడ్‌లో సున్నా దాటి పైన ఉండాలి.

స్లోలో బాగుంది, లోడ్‌లో మాత్రం పడిపోతోంది. పంపు మార్చనా?

పంపు ఆఖర్న. ముందు ఫిల్టర్ మార్చండి, సగం కేసులు అక్కడే తేలిపోతాయి. తర్వాత ట్యాంకు లోపలి పికప్ జల్లెడ, నలిగిన హోస్, ట్యాంకు మూత గాలిరంధ్రం చూడండి. మూత వదులు చేస్తే ప్రెషర్ కోలుకుంటోందంటే గాలిరంధ్రం మూసుకుపోయింది. ఆ తర్వాత లిఫ్ట్ పంపు కనెక్టర్ దగ్గర, పంపు పనిచేస్తుండగానే వోల్టేజీ కొలవండి. బ్యాటరీ దగ్గర 14 ఉండి అక్కడ 11 ఉంటే దోషం పంపుది కాదు, సన్నని వైరుదో తుప్పు పట్టిన రిలేదో. ఇవన్నీ బాగుండి కూడా పడిపోతుంటే, మీ ట్యూన్ అడిగేంత డీజిల్ ఆ పంపు ఇవ్వలేదన్నమాట.

చలిలో మాత్రమే ఇలా జరుగుతుంటే డీజిల్‌లో మైనం గడ్డకట్టి ఫిల్టర్‌ని మూస్తోందేమో చూడండి.

ముల్లు వణుకుతోంది. సెన్సర్ పోయిందా?

ఇంజిన్ వేగంతో పాటు వణుకు కూడా మారుతుంటే అది పంపు కొట్టుకోవడం, స్నబ్బర్ వేస్తే తగ్గుతుంది. వేగంతో సంబంధం లేకుండా పడి లేస్తుంటే గాలి బుడగలు. పంపు ముందు ఒక అడుగు పారదర్శక హోస్ తాత్కాలికంగా వేసి చూస్తే కళ్లకే కనిపిస్తాయి. హెడ్‌లైట్లు వేసినప్పుడు ముల్లు కదిలితే వైరింగే.

రాత్రికి రాత్రి ప్రెషర్ పెరిగింది. మంచిదేగా?

అనుమానించండి. రిటర్న్ పైపు నలిగినా, రెగ్యులేటర్ ఇరుక్కున్నా ప్రెషర్ పెరుగుతుంది. పంపు తయారీదారు చెప్పిన హద్దు దాటితే డీజిల్ షాఫ్ట్ సీల్‌ని దాటి ఇంజిన్ ఆయిల్‌లోకి చేరే ప్రమాదం ఉంది. ఆయిల్ పుల్ల తీసి చూడండి. పోసినదానికంటే మట్టం పెరిగి, డీజిల్ వాసన వస్తుంటే బండి నడపకండి.

ఇంజిన్ ఆపిన నిమిషంలో గేజ్ సున్నాకి పడిపోతుంది. లీకేజీయేనా?

చాలా సిస్టమ్‌లలో మామూలే, రిటర్న్ దారిలో ప్రెషర్ వదిలిపోతుంది. పొద్దున స్టార్ట్ చేయడానికి ఎక్కువసేపు తిప్పాల్సి వస్తుంటేనే పట్టించుకోండి. అప్పుడు డీజిల్ ట్యాంకులోకి జారిపోతోంది, లేదా ఎక్కడో గాలి పీలుస్తోంది. మీరు కొత్తగా బిగించిన సెన్సర్ ఫిట్టింగ్ నుంచే వెతకడం మొదలుపెట్టండి.